తిండి పెట్టినా పిల్లలు ఎందుకు ఎదగరు? పేగు బ్యాక్టీరియా ఇచ్చిన సగం జవాబు

ఢాకా నగరంలో మీర్పూర్ అనే ప్రాంతం ఉంది. అక్కడి మురికివాడల నుంచి తీవ్రమైన పోషకాహార లోపంతో ఆసుపత్రికి వచ్చే పసిపిల్లలకు వైద్యులు ముందు ఇన్ఫెక్షన్లు తగ్గిస్తారు, తరువాత శక్తినిచ్చే ఆహారం కొలిచి మరీ పెడతారు. చాలామంది బతికి బయటపడతారు. బరువు కూడా కొంత పుంజుకుంటుంది. చిక్కంతా ఆ తరువాతే. ఇంటికి చేరి నెలలు గడిచాక చూసినా ఆ పిల్లల్లో ఎందరో తమ ఈడువాళ్ల ఎత్తూ బరువూ అందుకోలేరు. కడుపులోకి వెళ్లిన కేలరీలకూ ఒంటికి పట్టిన ఎదుగుదలకూ లెక్క కుదరదు. మరి పెట్టిన తిండి ఏమవుతోంది?

ఈ ప్రశ్నకు పేగుల్లోని బ్యాక్టీరియా వైపు నుంచి జవాబు వెతికినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు జెఫ్రీ గోర్డన్. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, సెయింట్ లూయిస్ నగరంలో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆయన ప్రొఫెసర్. 2018లో రాయల్ సొసైటీ వారి కాప్లీ పతకం అందుకున్నారు. ఆయన మొదట్లో బ్యాక్టీరియా మనిషి కాదు. పేగు లోపలి పొరలోని కణాలు కొద్ది రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి కదా, ఆ కొత్త కణం తాను ఎక్కడ ఉండాలో, ఏమి కావాలో ఎలా తెలుసుకుంటుంది అన్నది ఆయన మొదటి ప్రశ్న. దాన్ని తవ్వుతూ పోతే, కణాలకు సూచనలు అందిస్తున్నవాటిలో మన జన్యువులతో పాటు పేగులో కాపురముంటున్న బ్యాక్టీరియా కూడా ఉందని తేలింది.

పేగు బ్యాక్టీరియా గురించి మొదట వినిపించే మాట: మన శరీరంలో మన కణాలకంటే బ్యాక్టీరియా పదింతలు ఎక్కువ అని. ఇది పాత అంచనా. 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు మళ్లీ లెక్కగట్టి చూస్తే, మన కణాలు దాదాపు 30 లక్షల కోట్లు, బ్యాక్టీరియా 38 లక్షల కోట్లు అని వచ్చింది. అంటే ఇంచుమించు సమానం. అంత సంఖ్య ఉన్నా బరువు చూస్తే 200 గ్రాములు. దాదాపు అంతా పెద్దపేగులోనే. నిజానికి ఈ సంఖ్యల వల్ల ఆశ్చర్యపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. అవి చేసే పని ముఖ్యం.

మనం తినే పప్పులు, కూరగాయలు, పండ్లలోని పీచును విడగొట్టే ఎంజైములు మన దగ్గర లేవు. పిండిపదార్థాలను అరిగించడానికి మనకున్న ఎంజైములను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గోర్డన్ బృందం 2003లో బ్యాక్టీరాయిడిస్ తీటాయోటామైక్రాన్ అనే పేగు బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని పూర్తిగా చదివింది. చక్కెర గొలుసులను తెంచే ఎంజైముల జన్యువులు ఆ ఒక్క జాతిలోనే వందల్లో ఉన్నాయి. చిన్నపేగులో మనం వదిలేసిన పీచును పెద్దపేగులో ఇలాంటి జాతులు విడగొడితే చిన్న చిన్న కొవ్వు ఆమ్లాలు పుడతాయి. వాటిలో ఒకటైన బ్యూటిరేట్ పెద్దపేగు లోపలి పొరకు ప్రధాన ఇంధనం. కాబట్టి మనం తినేది మనకోసం మాత్రమే కాదు. తిండిలో కొంత భాగాన్ని ముందు వాళ్లు తిని, వాళ్ల ద్వారా మనకు చేరుతుంది.

ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. తగవు వచ్చేది తరువాతి మాట దగ్గర. స్థూలకాయం ఉన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా వేరుగా ఉంది, మధుమేహం ఉన్నవాళ్లలో వేరుగా ఉంది, కుంగుబాటు ఉన్నవాళ్లలో వేరుగా ఉంది అంటూ వార్తలు వస్తూనే ఉంటాయి. సరే, వేరుగా ఉంది. కానీ ఆ తేడా జబ్బుకు కారణమా, జబ్బు వల్ల వచ్చిందా? జబ్బు చేసిన మనిషి వేరే తిండి తింటాడు, మందులు మింగుతాడు, కదలకుండా పడుకుంటాడు. వీటిలో ఏ ఒక్కటైనా పేగు బ్యాక్టీరియాను మార్చేస్తుంది. మలం నమూనాలు ఎన్ని వేలు సేకరించినా ఈ ముడి విడదు.

గోర్డన్ దీనికి వాడిన సాధనం సూక్ష్మజీవులే లేని చిట్టెలుక. ఇలాంటి జంతువులను పెంచే విద్య ఆయన కనిపెట్టింది కాదు, 1940లలోనే అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో చేశారు. గాలి చొరబడని ప్లాస్టిక్ గుడారాల్లో, వడకట్టిన గాలితో, సూక్ష్మజీవులను చంపిన తిండీ నీళ్లతో తరతరాలుగా అవి పుట్టి పెరుగుతాయి. వాటిని ముట్టుకోవాలన్నా గుడారం గోడకే అతికించిన చేతి తొడుగుల్లోంచి ముట్టుకోవాలి. అలాంటి చిట్టెలుక పేగులోకి మనం ఎంచుకున్న ఒక్క బ్యాక్టీరియాను పంపితే, ఆ తరువాత కనిపించే మార్పు దానివల్లే అని ధైర్యంగా చెప్పవచ్చు.

1996లో ఆయన బృందం స్వీడన్ పరిశోధకులతో కలిసి చేసిన ప్రయోగం ఇప్పటికీ నాకు అన్నిటికంటే ఇష్టం. ఫ్యూకోజ్ అనే చక్కెర ఉంది. చిట్టెలుక పిల్ల తల్లిపాలు మానే దశలో పేగు కణాలు తమ ఉపరితలం మీద ఆ చక్కెరను అతికించుకుంటాయి. సూక్ష్మజీవులు లేని చిట్టెలుకల్లో ఈ పని మొదలై కూడా నిలవలేదు. బ్యాక్టీరాయిడిస్‌ను పంపగానే తిరిగి మొదలైంది. ఆ బ్యాక్టీరియా తినేది కూడా ఆ ఫ్యూకోజ్‌నే. తనకు కావలసిన తిండిని ఆతిథ్యమిచ్చిన జీవి చేతే తయారు చేయించుకుంటోందన్నమాట! 2002లో మరొకటి తేలింది. ఈ చిట్టెలుకల పేగు గోడలోని సన్నని రక్తనాళాల వల సరిగ్గా ఎదగలేదు. బ్యాక్టీరియా చేరిన పది రోజుల్లో ఆ వల అల్లుకుంది. పేగు ఎదుగుదలకే బ్యాక్టీరియా అవసరం అన్నమాట అప్పటినుంచి గట్టిపడింది.

2004 నుంచి ఈ పరిశోధన పత్రికల మొదటి పేజీకి ఎక్కింది. సూక్ష్మజీవులు లేని చిట్టెలుకలకు మామూలు చిట్టెలుకల పేగు బ్యాక్టీరియా ఎక్కిస్తే, రెండు వారాల్లో ఒంట్లో కొవ్వు 60 శాతం దాకా పెరిగింది. అవి తిన్నది మాత్రం మునుపటికంటే తక్కువే. 2006లో స్థూలకాయ చిట్టెలుకల బ్యాక్టీరియా ఎక్కిస్తే, సన్నవాటి బ్యాక్టీరియా ఎక్కినవాటికంటే ఎక్కువ కొవ్వు పట్టింది. 2013లో మనుషుల దగ్గరికి వచ్చారు. కవలల్లో ఒకరు లావు, ఒకరు సన్నం ఉన్న జంటల నుంచి మలం తీసుకుని చిట్టెలుకలకు ఎక్కిస్తే, లావు మనిషి బ్యాక్టీరియా పొందినవి లావెక్కాయి. ఈ రెండు రకాల చిట్టెలుకలనూ ఒకే బోనులో ఉంచితే ఇంకో విశేషం జరిగింది. చిట్టెలుకలు ఒకదాని మలం ఒకటి తింటాయి, అలా బ్యాక్టీరియా చేతులు మారుతుంది. సన్నవాటి బ్యాక్టీరియా లావువాటి పేగుల్లో స్థిరపడి వాటిని లావెక్కకుండా ఆపింది. కానీ ఒక షరతు మీద. కొవ్వు తక్కువ, పండ్లూ కూరగాయలూ ఎక్కువ ఉన్న తిండి పెట్టినప్పుడే అలా జరిగింది. కొవ్వు ఎక్కువ, పీచు తక్కువ ఉన్న తిండి పెడితే ఆ బ్యాక్టీరియా నిలదొక్కుకోలేకపోయింది.

వార్తల్లో ఆ షరతు ఎగిరిపోయింది. ‘సన్నబడే బ్యాక్టీరియా’ అన్న శీర్షిక మిగిలింది.

ఇక్కడ ఒక ఓటమి గురించీ చెప్పాలి. 2006లోనే ఇదే బృందం 12 మంది స్థూలకాయులను పరిశీలించి, పేగు బ్యాక్టీరియాలోని రెండు పెద్ద తెగల నిష్పత్తికీ లావుకూ సంబంధం ఉందని ప్రకటించింది. ఆ నిష్పత్తి ఎంత ప్రసిద్ధమైందంటే, ఇప్పటికీ డబ్బులు తీసుకుని మలం పరీక్షలు చేసే కంపెనీల నివేదికల్లో అది కనిపిస్తుంది. తరువాత ఇతర పరిశోధకులు అనేక అధ్యయనాల సమాచారాన్ని కలిపి చూస్తే ఆ సంబంధం నిలకడగా కనిపించలేదు. చిట్టెలుక ప్రయోగాల మీద కూడా గట్టి విమర్శే వచ్చింది. 2020లో జెన్స్ వాల్టర్, ఆయన సహచరులు ‘సెల్’ పత్రికలో ఒక లెక్క చెప్పారు. మనిషి మలం ద్వారా జబ్బు లక్షణాలు ఎలుకజాతి జంతువులకు చేరతాయా అని పరీక్షించిన 38 అధ్యయనాలు తీసుకుంటే, 36 అధ్యయనాలు ‘చేరాయి’ అన్నాయి. అన్ని రకాల జబ్బులకూ 95 శాతం జవాబు ‘అవును’ అంటే, జవాబు మీద కాదు, అడిగిన తీరు మీద అనుమానం రావాలి. ఒకరిద్దరు మనుషుల మలాన్ని పాతిక చిట్టెలుకలకు ఎక్కించి, పాతిక సాక్ష్యాలు దొరికాయనుకోవడం గణాంకాల్లో చెల్లదు. ఈ విమర్శ నాకు సబబుగా తోస్తుంది.

అలాగని బ్యాక్టీరియాది ఉత్త సాక్షి పాత్ర అనీ అనలేం. యాంటీబయాటిక్స్ ఎక్కువగా వాడినవాళ్ల పేగుల్లో క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిలి అనే బ్యాక్టీరియా విజృంభించి, ఆగని విరేచనాలతో ప్రాణం మీదికి తెస్తుంది. 2013లో నెదర్లాండ్స్‌లో ఆరోగ్యవంతుల మలాన్ని శుద్ధిచేసి, ఈ జబ్బు తిరగబెడుతున్నవారి పేగుల్లోకి ఎక్కించారు. 16 మందిలో 13 మందికి మొదటి విడతకే నయమైంది. మామూలు యాంటీబయాటిక్‌తో నయమైంది మూడో వంతు మందికంటే తక్కువే. కారణమా కాదా అన్న సందేహానికి ఇక్కడ చోటు లేదు. మిగతా జబ్బుల్లో ఇంత తేటతెల్లమైన రుజువు ఇంకా దొరకలేదు. పైగా ఈ వైద్యం ఇంట్లో చేసుకునేది కాదు. మందులకు లొంగని మొండి బ్యాక్టీరియా ఉన్న మలం నమూనా ఎక్కించడం వల్ల అమెరికాలో ఒక రోగి చనిపోయాడని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2019లో హెచ్చరించింది.

మళ్లీ పిల్లల దగ్గరికి వద్దాం. గోర్డన్ పరిశోధనలో అసలు బరువు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఆఫ్రికాలోని మలావీలో కవల పిల్లల్లో ఒకరికి క్వాషియార్కర్ వచ్చి, ఇంకొకరు బాగానే ఉన్న జంటలు కనిపించాయి. క్వాషియార్కర్ అంటే ఒళ్లు ఉబ్బి, జుట్టు రంగు మారే తీవ్ర పోషకాహార లోపం. ఒకే ఇల్లు, ఒకే తల్లి, ఒకే తిండి. జబ్బు పడిన బిడ్డ పేగు బ్యాక్టీరియాను చిట్టెలుకలకు ఎక్కించి, మలావీ తిండి పెడితే అవి బాగా చిక్కిపోయాయి. అదే బ్యాక్టీరియాతో ప్రయోగశాలలోని మామూలు చిట్టెలుకల తిండి పెడితే అంత నష్టం జరగలేదు. బ్యాక్టీరియా ఒక్కటీ చాలదు, పేదతిండి ఒక్కటీ చాలదు. రెండూ కలిసినప్పుడే దెబ్బ. 2013లో వచ్చిన ఈ ఫలితం, అదే ఏడాది వచ్చిన లావు కవలల ఫలితం ఒకే మాట చెబుతున్నాయి.

ఆ తరువాత పని బంగ్లాదేశ్‌లో సాగింది. ఢాకాలోని అంతర్జాతీయ అతిసార పరిశోధన కేంద్రంలో తహ్మీద్ అహ్మద్ నడిపిన బృందం మీర్పూర్‌లో ఆరోగ్యంగా ఉన్న 50 మంది పిల్లల మలాన్ని పుట్టినప్పటినుంచి రెండేళ్ల దాకా నెలనెలా సేకరించింది. తల్లిపాలలో బిడ్డకు అరగని చక్కెరలు కొన్ని ఉంటాయి. అవి ఉన్నది బిఫిడోబ్యాక్టీరియా అనే తెగ కోసం. అందుకే మొదటి నెలల్లో ఆ తెగదే రాజ్యం. అన్నం, పప్పు అలవాటయ్యే కొద్దీ ఒక్కో కొత్త జాతి వచ్చి చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఈ చేరికకు ఒక వరస ఉందనీ, 24 రకాల బ్యాక్టీరియా పాళ్లు చూసి బిడ్డ వయసు దాదాపుగా చెప్పవచ్చుననీ తేలింది. పోషకాహార లోపం ఉన్న పిల్లల్లో ఆ లెక్క వయసుకంటే వెనకపడింది. ఏడాదిన్నర బిడ్డ పేగులో అంతకంటే నెలల చిన్న బిడ్డకు ఉండే బ్యాక్టీరియా ఉంటుంది. ఆసుపత్రిలో వేరుశెనగ ముద్దతో చేసిన పోషకాహారం పెట్టినా, బియ్యం, పప్పుతో వండిన స్థానిక ఖిచిడీ, హల్వా పెట్టినా ఆ వయసు కొంతకాలం ముందుకు కదిలి, పెట్టడం ఆపగానే మళ్లీ వెనకపడింది. 2014లో ‘నేచర్’లో వచ్చిన ఈ అధ్యయనం, మొదట అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇచ్చింది. బిడ్డ కోలుకుంది కానీ బిడ్డ పేగులోని జీవజాలం కోలుకోలేదు.

మిగతా సగం జవాబు మురుగులో ఉందని చాలామంది నమ్మారు. మురికి నీటితో, మట్టితో పదేపదే లోపలికి పోయే క్రిముల వల్ల చిన్నపేగులోని సన్నని వేళ్లలాంటి నిర్మాణాలు మొద్దుబారి, ఆహారం పీల్చుకునే శక్తి తగ్గుతుంది. ఇది నిజమే. కానీ బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేలలో వేల కుటుంబాలకు మరుగుదొడ్లు, శుద్ధమైన నీరు, చేతులు కడుక్కునే ఏర్పాట్లు కల్పించి చేసిన పెద్ద ప్రయోగాల ఫలితాలు 2018, 2019లలో వచ్చాయి. పిల్లల ఎత్తులో తేడా రాలేదు. పోషకాహారం ఇచ్చిన చోట మాత్రం కాస్త మేలు కనిపించింది. మరుగుదొడ్లు అనవసరమని దీని అర్థం కాదు, ఆ స్థాయి ఏర్పాట్లు ఈ పనికి చాలవని అర్థం.

గోర్డన్, అహ్మద్ బృందాలు దారి మార్చాయి. బిడ్డకు ఏమి పెట్టాలి అన్నదానితో పాటు, వెనకపడిన బ్యాక్టీరియాకు ఏమి పెట్టాలి అని అడిగాయి. బంగ్లాదేశ్ ఇళ్లలో పిల్లలకు పెట్టే పదార్థాలను ఒక్కొక్కటిగా, జంటలుగా తీసుకుని, అక్కడి పిల్లల బ్యాక్టీరియా ఎక్కించిన చిట్టెలుకల మీద, తరువాత పందిపిల్లల మీద పరీక్షించాయి. చివరికి నిలిచినవి శెనగపిండి, సోయాపిండి, వేరుశెనగ ముద్ద, పచ్చి అరటికాయ. నూనె, చక్కెర, విటమిన్లు కలిపి దీన్ని ముద్దగా చేశారు. 2021లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఫలితం వచ్చింది. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసున్న 118 మంది మీర్పూర్ పిల్లల్లో సగం మందికి ఈ ముద్ద, సగం మందికి బియ్యం, పప్పు, పాలపొడితో చేసిన మామూలు పోషకాహారం మూడు నెలలు రోజుకు రెండుసార్లు పెట్టారు. కొత్త ముద్దలో కేలరీలు తక్కువ. అయినా ఆ పిల్లల్లోనే బరువు వేగంగా మెరుగుపడింది. ఎముకల ఎదుగుదలకూ మెదడు అభివృద్ధికీ సంబంధించినవాటితో సహా రక్తంలోని 70 ప్రొటీన్ల పాళ్లు కూడా మారాయి.

కేలరీలు తగ్గినా ఎదుగుదల పెరగడం పోషకాహార శాస్త్రానికి చిన్న విషయం కాదు. కానీ 118 మంది అంటే చిన్న ప్రయోగమే, అదీ ఒకే పేటలో. మూడు నెలల్లో తేలింది బరువు సంగతి, ఎత్తు తేలడానికి ఆ గడువు చాలదు.

2024లో ఇదే బృందం, ఆ ముద్దలో ఉన్న సంక్లిష్ట చక్కెర గొలుసులను ఎవరు తింటున్నారో వెతికింది. ప్రివటెల్లా కోప్రి అనే బ్యాక్టీరియాలోని కొన్ని రకాలు దొరికాయి. తమాషా ఏమిటంటే, ఇదే ప్రివటెల్లా కోప్రి 2013లో న్యూయార్క్ పరిశోధకుల అధ్యయనంలో దోషిగా నిలబడింది. కొత్తగా కీళ్లవాతం వచ్చినవాళ్ల పేగుల్లో అది ఎక్కువగా కనిపించింది. ఢాకా బిడ్డకు మేలు, న్యూయార్క్ రోగి విషయంలో అనుమానితుడు. మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అని డబ్బాల మీద అచ్చువేసేవాళ్లు దీన్ని ఎలా సర్దుకుంటారో చూడాలి. ఒకే పేరు కింద రకాలు అనేకం, ఒకే రకానికి చోటును బట్టి, వయసును బట్టి, తిండిని బట్టి పాత్ర వేరు.

పెరుగు సంగతి ఏమిటని తెలుగువాళ్లు తప్పక అడుగుతారు. 2011లో గోర్డన్ బృందమే పరీక్షించింది. ఏడు జతల కవల స్త్రీలు అయిదు రకాల బ్యాక్టీరియా ఉన్న పులియబెట్టిన పాలు కొన్ని వారాలు తీసుకున్నారు. వారి పేగు బ్యాక్టీరియా పొందికలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పెద్దవాళ్ల పేగు ఇప్పటికే నిండి ఉంటుంది, కొత్తగా వచ్చినవి చాలావరకు దాటుకుని వెళ్లిపోతాయి. పెరుగు మంచి ఆహారమే, రోజూ తినండి, కానీ పేగు జనాభాను మార్చేస్తుందని ఆశించి కాదు. పసికందుల విషయం వేరు, అక్కడ పేగు ఇంకా నిండలేదు. పొరుగున ఉన్న ఒడిశా పల్లెల్లో పినాకి పాణిగ్రాహి బృందం 4,556 మంది నవజాత శిశువులతో చేసిన ప్రయోగం 2017లో ‘నేచర్’లో వచ్చింది. ఎంపిక చేసిన ఒక లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియాను, దానికి తిండిగా పనికొచ్చే చక్కెరతో కలిపి, పుట్టిన తొలి రోజుల్లో వారం పాటు ఇస్తే రక్తంలో ఇన్ఫెక్షన్, మరణం కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. సరైన జాతి, దానికి తోడు దాని తిండి, సరైన వయసు. మందుల దుకాణంలో చేతికందిన ప్రోబయోటిక్ కొనేటప్పుడు ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మనం చూడం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21లో అయిదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగిన ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతంలో గోధుమ, పాలపొడి, నూనె, చక్కెరతో పాటు శెనగపప్పు కూడా ఉంది. శెనగ ఉంది కాబట్టి ఢాకా ముద్ద చేసిన పనే ఇదీ చేస్తుందనుకోవడం సులువు, కానీ ఆ మాటకు ఆధారం లేదు. ఢాకాలో పనిచేసింది శెనగ ఒక్కటే కాదు, నాలుగు పదార్థాల కలయిక. అది కూడా అక్కడి పిల్లల పేగు బ్యాక్టీరియాకు తగినట్టు ఎంచుకున్నది. మహబూబ్‌నగర్‌లోనో పాడేరులోనో రెండేళ్ల బిడ్డ పేగులో ఏ జాతులు ఏ నెలలో చేరుతున్నాయో ముందు నెలనెలా నమూనాలు తీసి చూడాలి. జొన్న, రాగి, కంది, పెసర, అరటికాయలలో వాటికి ఏది తిండి అవుతుందో ఆ తరువాత పరీక్షించాలి. మీర్పూర్‌లో మొదటి నమూనాలతో మొదలైన అధ్యయనం వెలువడ్డాక ముద్ద ఫలితం అచ్చుకావడానికి ఏడేళ్లు పట్టింది.